విశ్వవిద్యాలయమునకు చోటు: ప్రాంగణ పథకముల చరిత్ర

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిన సామెత. తన కుటుంబమునకు ఏమి కావలెనో చక్కగా తెలిసిన గృహస్థునికే ఇల్లు కట్టుట ఇంత కష్టమైనచో, రాబోవు నూరేండ్లలో ఎందరు చదువుకొన వత్తురో, ఏ కొత్తశాస్త్రములు పుట్టునో, ఏవి మరుగున పడునో తెలియని స్థితిలో ఒక విశ్వవిద్యాలయమునకు ఇల్లు కట్టుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. 1825లో పాఠములు ఆరంభించిన విద్యాలయమునకు విద్యుద్దీపము తెలియదు. 1891లో తలుపులు తెరచిన విద్యాలయమునకు మోటారు బండ్లు నిలుపు స్థలముతో పని లేదు. 1939లో ప్రారంభోత్సవము జరిగిన భవనమును కట్టించినవారు కంప్యూటరును ఎరుగరు. అయినను ఆ గోడలు నేటికిని నిలిచియున్నవి. వాటి నడుమనే నేటి విద్యార్థులు చదువుచున్నారు.

విశ్వవిద్యాలయ ప్రాంగణమును నిర్మింపబూనినవారు మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పవలసి యుండును. ఎచ్చట కట్టవలెను? ఏ భవనము ప్రక్కన ఏ భవనము ఉండవలెను? ఎంత నేలను కట్టకుండ విడువవలెను? మొదటి రెండు ప్రశ్నలు అందరికిని తోచును. మూడవది చాలమందికి తోచదు. కాని ప్రాంగణముల చరిత్రను పరిశీలించినచో వాటి మంచిచెడ్డలు ఎక్కువగా ఈ మూడవ ప్రశ్నపైననే ఆధారపడినట్లు కానవచ్చును.

పథకమునకు పూర్వము

ప్రాచీన కాలమున విద్యాస్థానములు ఒక్కసారిగా పుట్టలేదు, క్రమక్రమముగా పెరిగినవి. అయినను వాటిలో క్రమము లేదనుకొనరాదు. బీహారులోని నాలందా శిథిలములను త్రవ్వి తీసినప్పుడు తూర్పున విహారములు ఒక వరుసగను, పడమట చైత్యాలయములు మరియొక వరుసగను, రెండింటి నడుమ ఉత్తర దక్షిణములుగా సుమారు నూరడుగుల వెడల్పు గల దారియు బయటపడినవి. విహారములు పదునొకండు, ప్రధానమైన ఇటుక ఆలయములు ఆరు. ఇవి ఒక్క రాజు కట్టించినవి కావు. క్రీస్తుశకము 5వ శతాబ్దము మొదలు 12వ శతాబ్దము వరకు ఎందరో దాతలు వీటిని కట్టించిరి. పాతది పాడైనప్పుడు దాని పునాదులపైననే కొత్తది లేపిరి. దాతలు మారిరి, రాజవంశములు మారినవి. కాని నడిమి దారిని ఎవరును ఆక్రమింపలేదు. ఏడువందల సంవత్సరములు ఒక నియమము నిలుచుటకు పెద్ద పటము కాని, లావైన నివేదిక కాని అవసరము కాలేదు. ఇచ్చట కట్టరాదు అన్న కట్టుబాటు చాలినది.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు నగరమున మరియొక పద్ధతి కానవచ్చును. అచ్చట విద్యాలయము ఊరిలోననే పెరిగినది. ఒక్కొక్క కళాశాలయు వీథివైపు గోడ కట్టుకొని, లోపల చతురస్రాకారమైన ముంగిలి నుంచుకొని, దాని చుట్టును గదులు నిర్మించుకొన్నది. 13, 14వ శతాబ్దములలో రూపొందిన మెర్టన్ కళాశాల ముంగిలి వీటిలో అతి ప్రాచీనమైన వానిలో నొకటి. మన పల్లెలలోని మండువా లోగిలి ఎరిగినవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. చోటు చాలనప్పుడు మరియొక ముంగిలిని చేర్చుకొందురు. ఈ పద్ధతిలో ప్రతి ముంగిలియు తనంత తాను పూర్తియైన వస్తువు. మొత్తము ఊరు మాత్రము ఎన్నడును పూర్తి కాదు.

జెఫర్సన్ విద్యాగ్రామము

ఖాళీ నేలపై, ఒకే ఆలోచనతో, విశ్వవిద్యాలయము మొత్తమును ముందుగా పటము గీసి కట్టిన ప్రయత్నములలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయము. దాని రూపకర్త థామస్ జెఫర్సన్, ఆ దేశపు మూడవ అధ్యక్షుడు. పదవి విడిచిన పిమ్మట, డెబ్బది నాలుగేండ్ల వయస్సున, 1817లో ఈ పనికి పూనుకొనెను. ఆ ఏడు అక్టోబరు 6న శంకుస్థాపన జరిగినది.

ఒకే పెద్దభవనములో అందరిని కుదించుట జెఫర్సన్‌కు నచ్చలేదు. అగ్ని ప్రమాదమునకు, అంటువ్యాధులకు, అల్లరికి అట్టి భవనము తావిచ్చునని ఆతని అభిప్రాయము. అందువలన విద్యాలయము ఒక గ్రామమువలె ఉండవలెనని తలచెను. పొడవైన పచ్చిక మైదానము, దానికి ఇరువైపుల ఐదేసి చొప్పున పది మేడలు. ప్రతి మేడలోను క్రింద తరగతి గది, పైన ఆచార్యుని నివాసము. మేడల నడుమ విద్యార్థుల గదులు. అన్నింటిని కలుపుచు స్తంభముల నడవ. మైదానపు ఉత్తరపు కొనను, గుడి ఉండవలసిన చోట, గ్రంథాలయము. రోమునగరములోని పాంథియను ఆలయము నమూనాపై సుమారు సగము కొలతతో, 77 అడుగుల వ్యాసముతో, ఈ గుండ్రని భవనము కట్టబడినది. విద్యాలయమునకు నడిబొడ్డు గ్రంథాలయమే అనుట ఆ రోజులలో కొత్త మాట.

మేడల వెనుక తోటలకు కట్టిన గోడలు గమనింపదగినవి. అవి పామువలె వంకరలు తిరిగి యుండును. తిన్నని గోడ ఒంటి ఇటుక మందమున కట్టినచో ఒరిగి పడును. వంకరగా కట్టినచో ఆ వంపే ఊతమై నిలుచును. కాగితమును నిలువుగా నిలబెట్టి చూచినచో పడిపోవును. కొంచెము వంచి నిలబెట్టినచో నిలుచును. ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును తరగతిలో చేసి చూపవచ్చును.

ఈ సుందర నిర్మాణము వెనుక ఒక చేదు నిజమును మరువరాదు. నేల చదును చేసినవారిలోను, ఇటుకలు కాల్చినవారిలోను, బరువులు మోసినవారిలోను పెక్కుమంది బానిసలు. స్వేచ్ఛను గూర్చి వ్రాసినవాని విద్యాగ్రామము బానిసల చేతులమీదుగా లేచినది.

జెఫర్సన్ మైదానపు దక్షిణపు కొనను మూయకుండ విడిచెను. గ్రంథాలయము మెట్లపై నిలిచి చూచినవానికి ఎదుట కొండలు కనబడెడివి. అది కేవలము అందమునకు కాదు. విద్యాలయము పెరుగవలసిన దిక్కును ఆ తెరపి చూపుచుండెను. 1825 మార్చిలో పాఠములు ఆరంభమైనవి. 1826 జూలై 4న జెఫర్సన్ మరణించెను.

పథకకర్త పోయిన తరువాత పథకమేమగును? చోటు చాలక 1850లలో గ్రంథాలయమునకు ఉత్తరపు వైపున పెద్ద అనుబంధ భవనమొకటి అంటించిరి. 1895 అక్టోబరు 27న ఆ అనుబంధ భవనములోననే నిప్పు పుట్టినది. గ్రంథాలయమునకు మంటలు ప్రాకకుండ నడుమనున్న వారధిని డైనమైటుతో పేల్చివేయ ప్రయత్నించిరి, ఫలింపలేదు. గ్రంథాలయము కాలిపోయినది. ఒకే భవనముగా కూడదీసినచో అగ్ని భయమని జెఫర్సన్ ఏది తలచెనో అదే జరిగినది. పునర్నిర్మాణమునకు వచ్చిన వాస్తుశిల్పి స్టాన్‌ఫర్డ్ వైట్ ఆధ్వర్యమున 1898 నాటికి దక్షిణపు కొనపై మూడు కొత్త భవనములు లేచినవి. తెరపి మూతబడినది. అప్పటికి తరగతి గదులు మిక్కిలి అవసరము. కట్టినవారిని తప్పుపట్టుట సులభము కాదు. కాని ఆ ఖాళీ ఎందుకు విడువబడినదో చెప్పువారు ఆనాడు లేకపోయిరి. 1987లో ఈ విద్యాగ్రామము ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. మూసిన తెరపి మాత్రము తిరిగి తెరువబడలేదు.

పొలములో పుట్టిన విశ్వవిద్యాలయము

కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము ఒక కుటుంబ దుఃఖమునుండి పుట్టినది. రైల్వేల వలన ధనికుడైన లీలండ్ స్టాన్‌ఫర్డ్‌కు ఒక్కడే కొడుకు. ఆ బాలుడు 1884లో, పదునైదేండ్ల వయస్సున, సన్నిపాత జ్వరముతో మరణించెను. తల్లిదండ్రులు ఆతని పేర విద్యాలయము స్థాపింపదలచి, 1885లో తమ ఎనిమిది వేల ఎకరముల పైచిలుకు పొలమును దానికి ధారపోసిరి. ఆ భూమిని ఎన్నడును అమ్మరాదని దానపత్రములో వ్రాసిరి.

పథకము గీయుటకు న్యూయార్కు సెంట్రల్ పార్కును రూపొందించిన ఫ్రెడరిక్ లా ఓంస్టెడ్‌ను 1886లో పిలిపించిరి. కొండవాలున, నేల ఒంపులకు అనుగుణముగా కట్టవలెనని ఓంస్టెడ్ పట్టుపట్టెను. చదునైన నేలపైననే కట్టవలెనని స్టాన్‌ఫర్డ్ పట్టుపట్టెను. డబ్బు పెట్టువాని మాటయే నెగ్గినది. ఓంస్టెడ్ మరియొక విషయములో తన మాట నెగ్గించుకొనెను. వేసవియంతయు వాన లేని నేలలో ఇంగ్లండు పచ్చికబయళ్ళను అనుకరించుట వృథా అని ఆతడు వాదించెను. అందువలన నడుమ రాళ్ళు పరచిన ముంగిలి, అచ్చటచ్చట గుండ్రని చెట్లపాదులు, చుట్టును ఎండ తగులని నడవ ఏర్పడినవి. ఎండ మెండుగా కాయు మన సీమలవారికి ఈ యుక్తి తేలికగా బోధపడును.

ఓంస్టెడ్ పథకములోని అసలు విశేషము ముంగిలి కాదు. ముంగిలికి ఇరుప్రక్కల విడిచిన ఖాళీ. తూర్పునకు పడమటకు ఒక గీత గీసి, మొదటి ముంగిలి నిండిన పిమ్మట దాని ప్రక్కన అట్టిదే మరియొకటి, దాని ప్రక్కన వేరొకటి, దండలో పూసలవలె చేర్చుకొనవచ్చునని చూపెను. విద్యాలయము ఏ దశలో ఆగినను అది పూర్తియైనట్లే తోచును. ఏ దశలోనైనను మరల పెరుగవచ్చును.

1891 అక్టోబరు 1న విద్యాలయము ఆరంభమైనది. రెండేండ్లకే స్టాన్‌ఫర్డ్ మరణించెను. ఆతని భార్య జేన్ ఎన్నో ఆర్థిక చిక్కులకు ఓర్చి విద్యాలయమును నిలిపి, పిదప పెద్ద తోరణము, గ్రంథాలయము, వ్యాయామశాల కట్టించెను. 1906 ఏప్రిల్ 18నాటి భూకంపములో ఆ కొత్త భవనములే కూలినవి. లోపలి ముంగిలి చాలవరకు నిలిచినది. ఆ తరువాత చాల దశాబ్దములు భవనములను తోచిన దిక్కున కట్టుకొనిపోయిరి. ఓంస్టెడ్ గీత మరుగున పడినది. 1990లలో విశ్వవిద్యాలయము పాత పటములను మరల పైకి తీసి, ఆ గీతను అనుసరించి, మొదటి ముంగిలికి పడమట విజ్ఞానశాస్త్ర, సాంకేతిక శాఖలకు కొత్త ముంగిలిని నిర్మింపనారంభించెను. నూరేండ్లు గడచినను ఆ పటము పనికివచ్చుటకు రెండు కారణములు: పటము భద్రముగా ఉన్నది, నేల చేజారలేదు.

అదే రాష్ట్రమునందలి బర్క్లీ చరిత్ర ఇందుకు భిన్నము. అచ్చట ఫీబీ హర్స్ట్ అను దాత్రి ధనసహాయముతో అంతర్జాతీయ పోటీ జరిపి, 1899లో ఫ్రెంచి వాస్తుశిల్పి ఎమిల్ బెనార్ పటమునకు మొదటి బహుమానము ఇచ్చిరి. పటము మహావైభవముగా నుండెను. కాని అమలు జరుపుటకు బెనార్ రాలేదు. పోటీలో నాలుగవ స్థానము పొందిన జాన్ గాలన్ హోవర్డ్ 1901లో బాధ్యత వహించి, నేలను కాలినడకన తిరిగి చూచి, పటమును పదేపదే దిద్ది, 1924 వరకు పనిచేసెను. నేడు బర్క్లీలో కానవచ్చు పాత భవనములలో ముఖ్యమైనవి ఆతనివే. గెలిచిన పటము కాగితముపై మిగిలినది. నేలపై నిలిచినవాడు ప్రాంగణమును కట్టెను.

అడిక్‌మెట్ మిట్టలు

తెలుగు సీమలో ఇంత విస్తారమైన ముందుచూపుతో తలపెట్టిన ప్రాంగణము హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయము. భారతీయ భాషలో ఉన్నతవిద్య బోధించిన తొలి ఆధునిక విశ్వవిద్యాలయమిది. 1918లో స్థాపితమై, 1919 ఆగస్టులో అద్దె ఇండ్లలో పాఠములు ఆరంభించెను. స్వంతచోటును గూర్చి ఆలోచించినప్పుడు 1920ల ఆరంభమున స్కాట్లండు దేశీయుడైన పాట్రిక్ గెడిస్ చేత ఒక నివేదిక వ్రాయించిరి. గెడిస్ మొదట జీవశాస్త్రవేత్త. పిదప నగర నిర్మాణశాస్త్రమునకు ఆద్యులలో నొకడుగా ప్రసిద్ధి పొందెను. వైద్యుడు మందిచ్చుటకు ముందు నాడి చూచునట్లు, పటము గీయుటకు ముందు ఊరిని పరీక్షింపవలెననునది ఆతని సిద్ధాంతము.

నగరమునకు వెలుపల, అడిక్‌మెట్ వద్ద, రాళ్ళగుట్టలతో నిండిన విశాలమైన భూమి ఎన్నుకొనబడినది. దాని విస్తీర్ణము సుమారు 1600 ఎకరములు. 1930ల ఆరంభమున సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అను ఇద్దరు వాస్తుశిల్పులను ప్రభుత్వము విదేశములకు పంపెను. వారు యూరపు, అమెరికా, జపాను మొదలగు దేశములలోని విశ్వవిద్యాలయములను దర్శించి వచ్చిరి. ఆ పిమ్మట బెల్జియము దేశీయుడైన ఎర్నెస్టు జాస్పర్ సలహాదారుగా నియమితుడయ్యెను. కైరో నగరము చెంత హీలియోపోలిస్ అను కొత్త పట్టణమున భవనములు రూపొందించిన అనుభవము ఆతనికి కలదు. ఎండను, ఇస్లాము వాస్తురీతులను ఎరిగినవాడు.

ఆర్ట్స్ కళాశాల భవనమునకు 1934 జూలై 5న శంకుస్థాపన జరిగినది. 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవము జరిగినది. స్తంభములలో అజంతా, ఎల్లోరా గుహల ఛాయలును, కమానులలో ఇస్లాము రీతియు కలిసి యున్నవని చూపరులు చెప్పుకొందురు. ఆ నేలలోననే పుట్టిన గ్రానైటు రాతితో కట్టుటచే భవనము గుట్టలకు పరాయిగా తోచదు.

పథకములోని భవనములన్నియు నిర్మింపబడలేదు. 1939లోనే ప్రపంచయుద్ధము ఆరంభమైనది. 1948లో రాజ్యమే మారినది. ఉర్దూలో బోధించుటకై కట్టిన గదులలో ఇంగ్లీషులో బోధన ఆరంభమైనది. ఏ భాషకొరకు, ఏ ప్రభువు పేర భవనము కట్టబడినదో ఆ రెండును మారినను భవనము చెక్కుచెదరక కొత్తపనికి ఒదిగినది. మంచి ప్రాంగణమునకు ఇదియొక గీటురాయి.

నాడు ఊరికి వెలుపలనున్న భూమి నేడు ఊరి నడుమ ఉన్నది. చుట్టును విద్యానగరము, తార్నాక, హబ్సిగూడ వంటి పేటలు పెరిగినవి. ప్రాంగణపు రోడ్లు నగరవాసులకు రాకపోకల దారులైనవి. 1958లో పోషకాహార పరిశోధనాలయము కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చి ఈ ప్రాంతముననే నెలకొన్నది. ఆంగ్లభాషా బోధన సంస్థయు అట్లే. ఇట్టి విద్యాసంస్థలు పొరుగున చేరుట మేలే. కాని ఆక్రమణలవలన తరగిన నేల అట్టిది కాదు. మొదటి విస్తీర్ణము నేడు లేదు. పోయిన నేల ఒక్కనాడు పోలేదు. గోడ లేని చోట, గుర్తు లేని చోట, అంచుల వెంబడి పోయినది.

ఆంధ్ర విశ్వవిద్యాలయము కథ వేరొక పాఠము చెప్పును. 1926లో బెజవాడలో ఆరంభమైన ఈ సంస్థకు స్థానమెచ్చట అన్న వివాదము కొన్నేండ్లు సాగి, 1930లో వాల్తేరు స్థిరపడినది. ఎర్రమట్టి మిట్టలు, ఎదుట సముద్రము. ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ గార్ల కాలమున విద్యాలయము రూపుదిద్దుకొనెను. విజ్ఞానశాస్త్ర కళాశాలకు జయపురము మహారాజు విక్రమదేవవర్మ గారు పోషకులైరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున భవనములు సైన్యము వశమగుటచే విద్యాలయము తాత్కాలికముగా గుంటూరునకు తరలవలసి వచ్చెను. యుద్ధానంతరము మరల మిట్టలకు చేరెను. గురుశిష్యులు ఉన్నచోటనే విద్యాలయమున్నదనుట నిజమే. అయినను వారు తిరిగివచ్చుటకు ఒక చోటు ఉండుట వలననే విద్యాలయము నిలిచినది.

పది నిమిషముల లెక్క

ప్రాంగణ పథకములో ఒక చిన్నలెక్క పెద్దపని చేయును. ఒక తరగతి ముగిసి మరియొకటి ఆరంభమగుటకు నడుమ పది నిమిషముల విరామము కలదనుకొందము. మనుష్యుడు మామూలు నడకలో నిమిషమునకు సుమారు 80 మీటరులు నడచును. అనగా పది నిమిషములలో 800 మీటరులు. కనుక తరగతి గదులు, ప్రయోగశాలలు, గ్రంథాలయము అన్నియు 800 మీటరుల వ్యాసముగల వృత్తములో ఇమిడినచో విద్యార్థి ఏ మూలనుండి ఏ మూలకైనను సకాలమునకు చేరగలడు. ఆ వృత్తపు వైశాల్యము సుమారు 50 హెక్టారులు, అనగా 124 ఎకరములు.

బ్రిటనులో 1960లలో కొత్త విశ్వవిద్యాలయములు స్థాపించినప్పుడు ఈ విషయమును మిక్కిలి పట్టించుకొనిరి. నారిచ్ నగరము చెంత ఈస్టు ఆంగ్లియా విశ్వవిద్యాలయమునకు రూపకల్పన చేసిన డెనిస్ లాస్డన్ ఐదు నిమిషముల నడకనే హద్దుగా పెట్టుకొనెను. భవనములను విడివిడిగా చల్లక, ఎత్తైన నడకదారుల వెంట ఒకే గొలుసుగా కూర్చెను. మిగిలిన లోయ, పచ్చిక, నీటిపట్టు అట్లే ఉండిపోయినవి. దూరము తగ్గుటవలన వేరువేరు శాఖలవారు దారిలో ఎదురుపడుదురు, ఎదురుపడినవారు మాటలాడుదురు, మాటలనుండి కొత్త ఆలోచనలు పుట్టును. ఇదియే ఆ పథకమునకు ఆధారమైన ఆశ.

ఈ లెక్కవలన మరియొక విషయము తేలును. పదునారువందల ఎకరముల ప్రాంగణములో చదువుకు సంబంధించిన నడిబొడ్డునకు అందులో పదుమూడవ వంతు చాలును. వసతిగృహములు, ఆటస్థలములు, ఉద్యోగుల ఇండ్లు చేర్చినను చాల నేల మిగులును. చూచువారికి అది వ్యర్థముగా తోచును. ప్రమాదమంతయు ఇచ్చటనే ఉన్నది.

తాత్కాలికము, శాశ్వతము

గొప్ప పటములు గీయుటయే మార్గమా అని ప్రశ్నించినవారును కలరు. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో 1943లో, యుద్ధ సమయమున, రాడారు పరిశోధనకై ఒక కొయ్యభవనము హడావుడిగా కట్టిరి. దాని పేరు ఇరువదవ నంబరు భవనము. యుద్ధము ముగియగనే కూల్చివేయవలెనని తలపు. కాని అది 1998 వరకు, ఏబదియైదు సంవత్సరములు, నిలిచినది. కారణమేమి? అది అందముగా లేదు గనుక దానిని ఎవరైనను మార్చవచ్చును. గోడకు కన్నము పెట్టవచ్చును, తీగలు లాగవచ్చును, అంతస్తు నేలను కోయవచ్చును. రాడారు శాస్త్రజ్ఞుల తరువాత భౌతికశాస్త్రజ్ఞులును, నోమ్ చామ్స్కీ మొదలగు భాషాశాస్త్రజ్ఞులును అందులో పనిచేసిరి. రాతిభవనములో చోటు దొరకని కొత్త విద్యలు కొయ్యభవనములో పెరిగినవి.

ఆరిగన్ విశ్వవిద్యాలయమువారు 1970ల ఆరంభమున వాస్తుశిల్పి క్రిస్టఫర్ అలెగ్జాండర్‌ను పథకము కోరిరి. ఆతడు పటము గీయనిరాకరించెను. నూరేండ్ల తరువాత ఏ భవనము ఎచ్చట ఉండునో నేడే నిర్ణయించు పటము అబద్ధమగునని ఆతని వాదము. పటమునకు బదులు ఆరు సూత్రములను ఇచ్చి, వాటిని 1975లో ఒక గ్రంథముగా ప్రకటించెను. మొత్తము క్రమము చిన్నచిన్న పనులనుండి మెల్లగా పుట్టవలెను. భవనములో పనిచేయువారే దాని రూపమును నిర్ణయించుటలో పాల్గొనవలెను. ధనమంతయు పెద్దభవనములకే పోక చిన్నవాటికిని మరమ్మతులకును చెందవలెను. అందరు అంగీకరించిన కొన్ని నమూనాలను అన్ని పనులును అనుసరింపవలెను. ప్రతి సంవత్సరము ప్రాంగణమును పరీక్షించి, ఏ చోటు సజీవముగా ఉన్నదో, ఏది నిర్జీవముగా ఉన్నదో పటముపై గుర్తింపవలెను. ఈ పనులన్నింటిని సమన్వయపరచు సంఘము ఒకటి ఉండవలెను.

వీనిలో ఏటేటి పరీక్ష అను సూత్రము ముఖ్యమైనది. పథకము ఒకసారి వ్రాసి బీరువాలో పెట్టు వస్తువు కాదు. పంచాంగమువలె ఏటేట కొత్తగా చూచుకొనవలసిన వస్తువు అని దీని భావము. అయితే ఈ పద్ధతికిని చిక్కులు లేకపోలేదు. ప్రభుత్వములు ధనమును పెద్దమొత్తములుగా, పెద్దభవనములకే మంజూరు చేయుట అలవాటు. చెట్టు క్రింద అరుగు కట్టుటకు ధనము అడిగిన ఉపాధ్యక్షుని మాట ఎవరు విందురు?

ఖాళీ నేల ఎవరిది?

పైని చరిత్రలన్నింటిలో ఒకే ప్రశ్న మరల మరల తలయెత్తుచున్నది. నేటికి పనిలేని నేలను రేపటికి ఎట్లు కాపాడవలెను?

స్టాన్‌ఫర్డులో దానపత్రము నేలను కాపాడినది. యుద్ధానంతరము ధనము అవసరమైనప్పుడు అమ్ముటకు వీలులేక, 1951లో పరిశ్రమలకు కొంత నేలను దీర్ఘకాలపు కౌలునకు ఇచ్చిరి. కౌలు ధనము విద్యాలయమునకు వచ్చినది; నేల విద్యాలయముననే నిలిచినది. ఆ పారిశ్రామిక వాటిక సిలికాన్ వ్యాలీ పుట్టుకకు ఒక కారణమైనదని చరిత్రకారులు చెప్పుదురు.

హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము చరిత్ర ఈ ప్రశ్నను మన ముంగిట నిలిపినది. 1973నాటి ఆరు సూత్రముల ఒప్పందము ఫలితముగా 1974లో ఇది స్థాపితమైనది. గచ్చిబౌలి వద్ద సుమారు 2300 ఎకరముల భూమి దీనికి ఏర్పాటైనది. అప్పుడది ఊరికి దూరము. రాళ్ళు, పొదలు, కుంటలు. పిదప ఐదు దశాబ్దములలో చుట్టును నగరపు సాంకేతిక వాడలు లేచి, భూమి వెల ఆకాశమునకు అంటినది. అంచుననున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములు ప్రభుత్వమునకే చెందునని ప్రభుత్వమును, అది విద్యాలయమునకును అచ్చటి చెట్లకు, లేళ్ళకు, నెమళ్ళకును కావలెనని విద్యార్థులును, ఉపాధ్యాయులును వాదించిరి. 2025 మార్చి చివర అచ్చట చెట్లను తొలగించు పని ఆరంభము కాగా ఆందోళన చెలరేగి, ఏప్రిల్ 3న సుప్రీముకోర్టు ఆ పనులను నిలుపుచేసెను. న్యాయాన్యాయములను నిర్ణయించుట న్యాయస్థానముల పని. చరిత్ర విద్యార్థి గమనింపవలసినది వేరు: భూమి ఇచ్చునాడు దాని హద్దులను, దానిపై హక్కును, దానిని ఖాళీగా ఉంచుటకు కారణమును స్పష్టముగా వ్రాసి పెట్టనిచో, ఏబది సంవత్సరముల తరువాత ఆ పని చెట్ల నడుమ, జనసందోహము నడుమ చేయవలసి వచ్చును.

ఖాళీ నేల ఊరక పడియుండదు. వాననీరు దానిలో ఇంకి బావులకు ఊటనిచ్చును. చెట్లు గాలిని చల్లబరచును. వృక్షశాస్త్రమునకు, జంతుశాస్త్రమునకు, భూగర్భశాస్త్రమునకు అది తలుపులు లేని ప్రయోగశాల. అన్నింటికంటె ముఖ్యముగా, ఇంకను పేరు పెట్టని శాస్త్రమునకు, ఇంకను పుట్టని విద్యార్థికి అది చోటు. విత్తనపు గింజలను తినివేసిన రైతునకు మరుసటి ఏరువాక లేదు. ప్రాంగణపు ఖాళీ నేల విద్యాలయమునకు విత్తనపు గింజ వంటిది.

ఇంతవరకు చూచిన చరిత్రనుండి కొన్ని నియమములు తేలుచున్నవి. నడిబొడ్డు కాలినడకకు అందునంత దగ్గరగా ఉండవలెను. పెరుగు దిక్కు ముందుగా నిర్ణయమై, ఆ దిక్కున దారి మూయబడకుండ ఉండవలెను. భవనములు తరువాతివారు మార్చుకొనుటకు వీలుగా ఉండవలెను. రాయి, నీడ, గాలి ఆ నేలకు తగినవై యుండవలెను. పథకమును ఏటేట పరీక్షించు సంఘము ఉండవలెను. కట్టిన దానికే కాక కట్టని దానికిని లెక్క ఉండవలెను.

ఈ నియమములు విశ్వవిద్యాలయములకు మాత్రమే చెందినవి కావు. మన ఉన్నత పాఠశాలల ఆవరణములకును ఇవి వర్తించును. ఉపాధ్యాయులు విద్యార్థులచేత తమ పాఠశాల ఆవరణమును టేపుతో కొలిపించి, ఒక సెంటీమీటరుకు ఐదు మీటరుల చొప్పున పటము గీయించవచ్చును. గదులు, బావి, చెట్లు, వాననీరు పారు దిక్కు, మధ్యాహ్నము నీడపడు చోటు, పిల్లలు తమంత తాము గుమిగూడు చోటు గుర్తింపవచ్చును. పిదప, విద్యార్థుల సంఖ్య రెండింతలైనచో కొత్తగది ఎచ్చట కట్టవలెను, ఎచ్చట ఎన్నటికిని కట్టరాదు అని చర్చింపవచ్చును. ఆ పటముపై తేదీ వేసి పాఠశాల దస్తరములో భద్రపరచినచో, ఇరువది సంవత్సరముల తరువాత వచ్చు ప్రధానోపాధ్యాయునకు అది ఉపయోగపడును. నాలందాలో నడిమి దారిని ఏడువందల సంవత్సరములు కాపాడిన కట్టుబాటుకూడ ఇట్టి చిన్న నిర్ణయముతోనే ఆరంభమై యుండును.